దారి అడిగిన దండు

మూడేళ్లు మా బావ నాతో మాట్లాడలేదు. అందులో చివరి ఎనిమిది నెలలు మాత్రం ఏనుగుల ద్వారా మాట్లాడుకున్నాం. ఈ మాట వింటే మాదేదో పెద్ద సంస్థానం అనుకుంటారు. మా నాన్న కేజీఎఫ్‌లో గని కార్మికుల లైను ఇంట్లో పుట్టాడు. బావ టేకల్ దగ్గర రాగి పంట వేసుకుని, పట్టుపురుగులు పెంచుకుని, రెండు పూటలా పాలు పోసుకునే మనిషి. ఏనుగులు ఫోనులోవి.

మాటలు ఆగిపోవడానికి నా నోరే కారణం. అక్క కూతురికి చెవులు కుట్టించిన రోజు పంక్తిలో అందరూ కూర్చున్నాక, బావ చిక్కిపోయి కనిపించాడు. నాలాంటివాడికి అంతకంటే ఏం కావాలి? "మా బావను చూడండప్పా, పురుగులకు మేపి మేపి తాను తినేది మరిచిపోయినాడు. ఇంగ నాలుగు దినాలు పోతే పురుగులతో పాటు ఈయన్ని కూడా తట్టలో పరచొచ్చు" అన్నాను. అందరూ నవ్వారు. బావ సగం తిన్న ఆకు వదిలి, లేచి చెయ్యి కడుక్కుని పొలం వైపు వెళ్లిపోయాడు. అంతకు రెండు రోజుల ముందే రోగం తగిలి ఆ విడత పురుగులన్నీ చచ్చిపోయాయట. పండగ పూట ఎందుకని అక్కకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నేను తెలియక అన్నానని అక్కతో మొత్తుకున్నాను. "తెలియక కాదు, తెలుసుకోక" అని అక్క సరిదిద్దింది. స్కూల్లో కూడా నన్ను ఇంత సూటిగా ఎవరూ తప్పు పట్టలేదు.

అప్పటి నుంచి అక్క ఒక్కతే వచ్చేది. పొద్దున రైలుకు వచ్చి సాయంత్రం రైలుకు పోయేది. బావ స్టేషన్ దాకా దింపి వెనక్కి తిరిగేవాడు. అమ్మ ప్రతిసారీ ఒక పళ్లెం ఎక్కువ కడిగి పెట్టేది. బావ మళ్లీ మా గడప తొక్కాలి, ఆ పళ్లెంలో తినాలి. నాకు కావలసింది అంతే. దానికి ఏం చేయాలో తెలియలేదు. క్షమించమని అడగడం నాకు రాదు. సగం అడిగేసరికి అది జోకయిపోతుంది.

ఒకరోజు అక్క ఫోనులో, పాలు పితికిన తర్వాత మీ బావ ఏదో రాజుల ఆట పెట్టుకుని కూర్చుంటాడు, పిలిచినా పలకడు అని విసుక్కుంది. ఆట పేరు అడిగి అదే రోజు నా ఫోనులో ఎక్కించుకున్నాను. పాత రాజుల కాలం ఆట అది. మన పక్కల గుట్టలు, కోటలు పటంలో ఉంటాయి. ప్రతి ఆటగాడికీ ఒక కోట, కొంచెం భూమి, కొంచెం సైన్యం. ఎవరి కోట ఎవరిదో పేరుతో సహా కనిపిస్తుంది. సైన్యం ఒక కోట నుంచి ఇంకో కోటకు చేరడానికి నిజంగానే గంటలు పడుతుంది. నేను తొమ్మిదో తరగతిలో చరిత్ర అయ్యవారి చేత బయటికి గెంటించుకున్నవాణ్ణి. ఈ రాజు ఆ రాజుతో ఎందుకు సంధి చేసుకున్నాడని ఆయన అడిగితే, పెళ్లాం చెప్పిందేమో సార్ అన్నాను. ఆ ఆట ఆడాక తెలిసింది, నా జవాబు మరీ అంత తప్పు కాదని.

బావ కోటను వెతికి పట్టుకుని, దాని పక్కనే నా కోట కట్టాను. మొదటి రోజు ఒప్పందం పంపాను. ఒకరి మీద ఒకరు పోకూడదు, ఒకరి మీదకు ఎవరన్నా వస్తే రెండోవాడు అండగా రావాలి అన్నది అందులో ముఖ్యమైన మాట. నా పేరు చూస్తాడు కదా, తిప్పి కొడతాడనుకున్నాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు పొద్దున ఫోను తీస్తే ఒప్పందం మీద ఆయన ముద్ర పడి ఉంది. ఒక్క అక్షరం రాయలేదు. మరుసటి వారం రెండు ఏనుగులు కానుకగా పంపాను. ఆయన ధాన్యం పంపాడు. నేను గుర్రాలు, ఆయన మళ్లీ ధాన్యం. ఈ విషయం అక్కకు కూడా చెప్పలేదు. నేను చెప్పినది ఏదీ చివరిదాకా చెడకుండా ఉండదు. అందుకే ఇదొక్కటి చెప్పకుండా దాచుకున్నాను.

దాచింది ఇంకొకరి దగ్గర కూడా. నేను పని చేసేది కోలారు పక్క నరసాపురంలో, స్కూటర్లు తయారయ్యే ఫ్యాక్టరీలో. కంపెనీ బస్సులో నా పక్క సీటు నా స్నేహితుడిది. గని కుటుంబం, ఇంట్లో తమిళం, ఆదివారం చర్చి, నాతో మాట్లాడేది తెలుగు, నన్ను పిలిచేది మాత్రం మచ్చా అని. నన్ను ఆ పనిలో చేర్పించింది అతడే. నా ఫోనులో ఆట చూసి తానూ చేరాడు. నెల తిరగకుండా బస్సులో పన్నెండు మందిని చేర్చి ఒక కూటమి కట్టి, దానికి తానే నాయకుడయ్యాడు. నోరున్నవాడినని నన్ను రాయబారిని చేశాడు. కూటమి బయట ఎవరితోనైనా ఒప్పందం ఉంటే నాయకుడికి చెప్పాలన్నది నియమం. నేను చెప్పలేదు. చెబితే ఎవరాయన అంటాడు. బావ అంటే, మరి మాట్లాడొచ్చు కదా అంటాడు. అక్కడి నుంచి చెవులు కుట్టించిన కథ మొదలుపెట్టాలి.

ఒక సాయంత్రం షిఫ్టు దిగి బస్సులో వస్తుంటే నా ఫోను మోగింది. నా భూమి గుండా తన సైన్యం పోవడానికి దారి ఇవ్వమని స్నేహితుడు ఆటలో అడిగాడు. పక్కనే కూర్చుని మోచేత్తో పొడిచి, నొక్కు మచ్చా అన్నాడు. నొక్కేశాను.

ఎక్కడికని అడగలేదు. ఎందుకు అడగలేదంటే నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. మా అమ్మ వైపు వాళ్లు రైతులు. కోత అయ్యాక పక్కవాడు బండికి దారి అడిగితే కాదనకూడదు. బయల్దేరినవాణ్ణి ఎక్కడికని అసలే అడగకూడదు, అడిగితే పోయిన పని చెడుతుంది. చిన్నప్పుడు ఒకసారి మామను గడప దగ్గర యాడికి మామా అని అడిగినందుకు, ఆయన వెనక్కి వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి మళ్లీ బయల్దేరాడు. ఆ మొట్టికాయ నాలో బాగా దిగింది. బండికి వర్తించేది దండుకు కూడా వర్తిస్తుందనుకున్నాను.

మరునాడు మొదటి షిఫ్టు. ఆరు గంటలకు పని మొదలు. లోపలికి ఫోన్లు పోవు. గేటు దగ్గర గార్డు చాపిన తట్టలో పెడితే, అతడు నంబరు బిళ్ల ఇచ్చి అరలో దాస్తాడు. నేను వరుసలో నిలబడి చివరిసారిగా ఆట తెరిచాను. స్నేహితుడి దండు నా భూమి మధ్యలో ఉంది. దాని ముందు ఎర్ర గీత ఒకటి బావ కోట దాకా సాగి ఉంది. చేరడానికి నాలుగు గంటలు అని చూపిస్తోంది.

దారి మూసేయాలని నొక్కాను. సైన్యం లోపల ఉండగా మూయడం కుదరదని వచ్చింది. దాడి మొదలయ్యాక గంటలోపు నేను ఎవరి పక్షమో చెప్పాలి. చెప్పకపోతే ఒప్పందం తప్పినట్టే లెక్క. దాడి పదింటికి. నా ఫోను అరలోంచి బయటికి వచ్చేది రెండున్నరకు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. నా ముందు వరుసలో ఐదుగురున్నారు. బావకు ఫోను చేయడానికి టైము ఉంది. అక్క ఇచ్చిన నంబరు ఉంది. నంబరు తీశాను కూడా. ఏమని మొదలుపెట్టాలి? దండు వస్తోంది బావా అంటే, ఎవరి భూమి మీదుగా అంటాడు. మూడేళ్ల తర్వాత మొదటి మాట అదా? నలుగురయ్యారు, ఇద్దరయ్యారు. గార్డు తట్ట చాపాడు. ఫోను అందులో పెట్టేశాను. పెట్టిన మరుక్షణమే, చేసుంటే బాగుండేదనిపించింది. వెనక్కి ఇమ్మంటే ఇవ్వరు.

నా పని వెనక చక్రం నట్టు బిగించి, బిగించినట్టు పసుపు చుక్క పెట్టడం. లైను ఆగదు, ఒకటి పోతే ఒకటి. ఆ రోజు గోడ గడియారం నా తలకు సరిగ్గా ఎదురుగా ఉందని మొదటిసారి గమనించాను. నట్టు బిగిస్తున్నాను, చుక్క మరిచిపోతున్నాను. తర్వాతి చోట ఉన్న అమ్మాయి రెండు బండ్లకు చుక్క లేదని చూసి, "ఏమన్నా, చుక్కలన్నీ ఇంట్లో పెట్టొచ్చినావా?" అంది. మామూలు రోజయితే ఈ మాటకు పది తిప్పికొట్టేవాణ్ణి. ఊరికే చుక్కలు పెట్టాను. ఒళ్లు బాగాలేదా అని ఆమె కంగారుపడింది.

ఎనిమిదిన్నరకు పది నిమిషాల టీ. నా స్నేహితుణ్ణి మూలకు లాగి, నీ దండు పోతున్నది మా అక్క మొగుడి మీదకు అని చెప్పాను. మొదట నవ్వాడు. నా మొహం చూసి గ్లాసు కింద పెట్టాడు. చెవులు కుట్టించిన రోజు నుంచి ఏనుగుల దాకా గడగడా చెప్పేశాను. అంత పెద్ద కథ పది నిమిషాల్లో అయిపోవడం చూసి నాకే సిగ్గేసింది.

"ఎనిమిది నెలలు నా పక్కన్నే కూర్చొని చెప్పలేదు కదా మచ్చా."

"నువ్వు చెప్పినావా, యాడికి పోతా ఉండేది?"

"నువ్వు అడిగినావా?"

దండును వెనక్కి పిలవాలన్నా అతడి ఫోను కూడా అరలోనే ఉంది. ధాన్యం ఎక్కువగా ఉండి, గోడ పలచగా ఉన్న కోట కనిపిస్తే పంపాడట. ఆ ధాన్యంలో సగం నా గుర్రాలకు బదులుగా బావ నాకు పంపవలసినది. నిజంగా ఆపద అయితే సూపర్‌వైజరు టేబులు మీది ఫోను వాడుకోనిస్తారు అని అతడే గుర్తు చేశాడు. నేను ఆ టేబులు దాకా వెళ్లాను. ఏమి కావాలన్నాడు సూపర్‌వైజరు. సార్, మా బావ కోట మీదకు దండు పోతోంది, ఒక ఫోను చేసుకుంటాను అనాలి. నా నోటి నుంచి ఏ మాట వచ్చినా నవ్వడానికి ఆయన అప్పటికే తయారుగా ఉన్నాడు. గ్లౌజులు చినిగిపోయినాయి సార్ అన్నాను. కొత్తవి ఇచ్చాడు. పాతవి బాగానే ఉన్నాయి.

పది దాటింది. పదకొండు దాటింది. ఆ గంటలో నేను ఎన్ని నట్లు బిగించానో గుర్తు లేదు. అన్నింటికీ చుక్క మాత్రం పెట్టాను.

రెండున్నరకు ఫోను చేతికి వచ్చింది. కోట పడిపోయింది. పటంలో నా పేరు పక్కన విరిగిన ముద్ర బొమ్మ, దాని కింద 'మాట తప్పినవాడు' అని ఉంది. ఆ ముద్ర నెల రోజులు పోదు. అయితే బావ పొద్దున అయిదు తర్వాత ఆట తెరవలేదని కూడా చూపిస్తోంది. పగలంతా పొలంలో ఉండి, సాయంత్రం పాల డెయిరీ దగ్గర వరుసలో నిలబడినప్పుడే ఫోను తీస్తాడని అక్క చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ ముద్రను ఆయన చూసేలోపు నేను ఎదురుగా ఉండాలి. ఇప్పుడు ఫోను చేస్తే ఎత్తకపోవచ్చు. ఎత్తకపోతే మళ్లీ చేసే ధైర్యం నాకు రాదు. మనిషి ఎదురుగా పోతే కనీసం తిట్టడానికైనా నోరు తెరవాలి కదా.

కంపెనీ బస్సు ఎక్కలేదు. అక్కడే గది తీసుకుని ఉంటున్న ఒకతని బండి అడిగి, నా స్నేహితుడు నన్ను వెనక ఎక్కించుకున్నాడు. మాలూరు దాటాక ఇటుకల లారీ ఒకటి ముందు నింపాదిగా పోతూ దారి ఇవ్వలేదు. రైల్వే గేటు పడింది. గూడ్సు బండి పెట్టెలు ఎన్నున్నాయో లెక్కపెట్టబోయి, నలభై దాటాక భయమేసి మానేశాను. ఆట తెరిచి బావ వచ్చాడా అని చూస్తూనే ఉన్నాను. ఇంకా రాలేదు. ఇంకా రాలేదు.

డెయిరీ దగ్గర పదిహేను మంది దాకా ఉన్నారు. బావ మధ్యలో ఉన్నాడు. ఎడమ చేతిలో క్యాను, కుడి చెయ్యి జేబులో. మూడేళ్లలో జుట్టు నెరిసింది. నన్ను చూసి ఆ చెయ్యి జేబులోనే ఆపాడు. బండి దగ్గర నుంచి ఆయన దాకా ఇరవై అడుగులుంటాయి. ఆ ఇరవై అడుగుల్లో నాకు నాలుగు జోకులు తట్టాయి. ఒక్కటీ వాడలేదు.

కోట పడిపోయింది బావా, దారి ఇచ్చింది నేనే, వాడు యాడికి పోతాడో నేను అడగలేదు అని చెప్పేశాను. ఆయన ఫోను తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. వరుస ఒక అడుగు ముందుకు జరిగింది. ఆయనా జరిగాడు. ఆయనతో పాటు నేనూ జరిగాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"పొద్దున్నే. గేటు కాడ."

"ఫోన్ చేసేదానికి టైము ఉండిందా?"

లేదని అనొచ్చు. ఎవరికీ తెలియదు. స్నేహితుడు దూరంగా బండి దగ్గరే ఉన్నాడు.

"ఉండింది బావా."

"ఇంగెందుకు చెయ్యలా?"

"భయమైంది."

ఆయన వంతు వచ్చింది. క్యాను వంచి పాలు పోశాడు. కొలిచారు, పరీక్ష చేశారు, చీటీ ఇచ్చారు. చీటీ మడిచి జేబులో పెట్టుకుని, ఖాళీ క్యాను మూత బిగించేదాకా నా వైపు చూడలేదు. నేను అక్కడే నిలబడ్డాను. పొమ్మంటే పోవాలి కదా, ఆ మాట కోసం ఎదురుచూశాను.

"నీకు భయం కూడా అవుతాదని నాకు తెలీదు" అన్నాడు చివరికి. "ఆ పొద్దు అంత మంది ముందర నవ్వించినావే, వీనికి దేనికీ భయం లేదు, దేన్నీ లెక్క చెయ్యడు అనుకున్నా." తర్వాత బండి వైపు గడ్డం ఎత్తి, అతడెవరని అడిగాడు. దండు పంపింది అతడేనని చెప్పాను. బావ నా స్నేహితుణ్ణి తల నుంచి కాలి దాకా చూశాడు. "ఆయన్నీ పిలువు. నా కోట కొల్లగొట్టినోడు కాఫీ తాక్కుండా పోతే ఊర్లో ఏమనుకుంటారు?"

ఇంటి గడపలో మమ్మల్ని ముగ్గుర్నీ చూసి అక్క ఏమీ అడగలేదు. లోపలికి పోయి నీళ్లు తెచ్చింది. మేం అరుగు మీద కూర్చున్నాం. నేను ఇద్దరి మధ్యలో ఇరుక్కున్నాను. కాఫీ సగంలో ఉండగా నా ఫోను మోగింది. కోట పోయినా మిగిలిన దండుకు బావ ఆటలో దారి అడిగాడు. పక్కనే కూర్చుని, నా వైపు చూడకుండా.

ఇటు దారి ఇస్తే నా స్నేహితుడి కోట పోతుంది. రేపు పొద్దున బస్సులో నా పక్క సీటు ఖాళీ అవుతుంది. ఇవ్వకపోతే ఈ అరుగు మీద కూర్చోవడం ఇదే చివరిసారి. నా చెయ్యి ఫోను మీద ఆగిపోయింది. అమ్మ, మామ, మొట్టికాయ అన్నీ పక్కన పెట్టి, "యాడికి బావా?" అన్నాను.

"ఈయన కోటకే. ఎదురుగా కూర్చొనే చెప్తా ఉండాను."

నా స్నేహితుడు గ్లాసు చివరిదాకా తాగి కింద పెట్టాడు. "రా అన్నా. నేను వద్దని చెప్పను. ఈసారి మాత్రం షిఫ్టు టైములో రావద్దు. నా చేతిలో ఫోనుండేటప్పుడు రా. పోయినా కండ్లతో చూసి పోగొట్టుకుంటాను."

బావకు అది న్యాయంగా తోచింది, నేను దారి ఇచ్చాను. అక్కడి నుంచి గంటసేపు బేరం నడిచింది. షిఫ్టులో ఉన్నవాడి మీదకు పోకూడదు. పాలు పితికే రెండు పూటలా ఎవరూ బావ మీదకు రాకూడదు. ఆదివారం చర్చి విడిచేదాకా అతణ్ణి కదపకూడదు. కోతల వారం బావకు సెలవు. ఆటలో ఇలాంటి ఒప్పందానికి మీట లేదు, కాబట్టి నోటి మాటే ముద్ర. షిఫ్టులు వారం వారం మారతాయి కనుక, ఏ వారం ఏ షిఫ్టో నేను బావకు చెప్పాలని తేలింది. నేను మెసేజ్ పెడతానన్నాను.

"మెసేజ్ వద్దు" అన్నాడు బావ. "ఫోన్ చెయ్."

మేం బయల్దేరుతుంటే మా అమ్మను అడిగినట్టు చెప్పమన్నాడు. వస్తానని అనలేదు. రానని కూడా అనలేదు. తిరుగు దారిలో నా స్నేహితుడు మాలూరు దాకా బండి నడిపి, అక్కడ టీ కొట్టు దగ్గర ఆపి, ఇంకెవరైనా చుట్టాలుంటే ఇప్పుడే చెప్పు మచ్చా అన్నాడు. లేరని ఒట్టు వేశాను.

నాలుగు రోజుల తర్వాత పొద్దున్నే గేటు వరుసలో ఉండగా, ఎవరో తెలియని ఆటగాడు నా భూమి గుండా దారి అడిగాడు. కోలారు వైపు కూటమి. నా ముందు నలుగురున్నారు. బావ నంబరు తీశాను. మోగుతోంది. ముగ్గురయ్యారు. ఇంకా మోగుతోంది. ఎత్తడేమో, ఆ రోజు అరుగు మీద అన్నదంతా మర్యాదకేమో, పితుకుతున్నాడేమో, నాలుగోసారి మోగితే పెట్టేద్దామనుకున్నాను. ఇద్దరయ్యారు.

"చెప్పు" అన్నాడు బావ.

"బావా, ఎవరో దారి అడుగుతా ఉండారు."

"యాడికంట?"

"ఇంగా అడగలేదు."

"అడుగు. నేను పెట్టెయ్యను."

గార్డు తట్ట నా ముందుకు చాపాడు. వెనక నుంచి నా స్నేహితుడు చెయ్యి అడ్డం పెట్టి ఒక నిమిషం అన్నాడు. నేను ఫోను స్పీకరులో పెట్టి, ఒక వేలితో ప్రశ్న రాస్తున్నాను. అటు నుంచి బకెట్టులో పాలు పడుతున్న చప్పుడు, మధ్యలో బావ దగ్గు వినిపిస్తున్నాయి.